పదకొండు వరుసలు

మా అన్న ల్యాప్‌టాప్ మూత ఎత్తి మీట నొక్కితే, అది పూర్తిగా తెరుచుకునే లోపల మా వదిన బియ్యం ఏరి, కడిగి, ఎసట్లో పోసి వచ్చేది. చిరాకుకొద్దీ కొంచెం పెంచి చెబుతున్నానని మీరనుకుంటే అనుకోండి. నేను ఆ పక్కనే స్టూలు మీద కూర్చుని చూసినదే చెబుతున్నాను. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. అన్న చేతులు ఒళ్ళో పెట్టుకుని, బస్టాండులో బస్సు కోసం చూసేవాడిలా వాటినే చూస్తుండేవాడు. నాకు ఆ ఓపిక లేదు. ఇంట్లో ఉన్న ఓపికంతా అన్నకే పోయిందని, నా వంతుకు నోరొక్కటే మిగిలిందని అమ్మ అనేది.

ఆ ల్యాప్‌టాప్ ఒకప్పుడు నాదే. నేను వనపర్తిలో ఒక ఆఫీసులో పని చేస్తాను. కొత్తది కొనుక్కున్నప్పుడు పాతదాన్ని గద్వాల తీసుకెళ్ళి అన్నకిచ్చాను. అన్న నేతగాడు. చీరల అంచులకు బొమ్మలు గీయడంలో మా వాడలో మంచి పేరున్నవాడు. మొదట్లో గళ్ళ కాగితం మీద పెన్సిలుతో గీసేవాడు. ల్యాప్‌టాప్ వచ్చాక తెర మీద అవే గళ్ళు, పెన్సిలుకు బదులు మౌసు. గీసిన బొమ్మను పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇస్తే, అట్టలు కొట్టేవాళ్ళు దాని ప్రకారం అట్టలకు చిల్లులు వేస్తారు. ఆ అట్టల దండను మగ్గం మీది జాకార్డుకు తగిలిస్తే, ఏ పోగు లేవాలో ఏది కింద ఉండాలో అదే చూసుకుంటుంది.

ఇంత పని చేస్తున్న మనిషి దగ్గర ఫైలు మాత్రం ఒక్కటే ఉండేది. ఒక్కో బొమ్మకు ఒక్కో ఫైలు పెట్టుకోవాలని నేను నేర్పించాను, నేర్చుకున్నట్టే తలూపాడు. తర్వాత చూస్తే, మొదటి అంచు ఎక్కడ అయిపోయిందో దాని కిందనే రెండోది, దాని కిందనే మూడోది, అలా ఏళ్ళ తరబడి గీసినవన్నీ ఒకే పొడుగాటి బొమ్మగా దిగి ఉన్నాయి. ఒక అంచు చూడాలంటే వేలు నొప్పి పుట్టేదాకా కిందికి జరుపుకుంటూ పోవాలి.

"ఇదేందన్నా, ఇట్ల పెట్టుకుంటరా ఎవరన్నా?" అన్నాను.

"అచ్చు అతికినట్టే గదా," అన్నాడు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు నేతగాళ్ళు దాన్ని పూర్తిగా కోసి తీసేయరు. కొసలు మగ్గంలోనే ఉంచి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే తెచ్చి ఆ పాత కొసలకు మెలిపెడతారు. వేల పోగులు. అలా చేస్తేనే పాతది దారి చూపిస్తుంది, కొత్తది దాని వెంట నడిచి వస్తుంది. దీన్నే అచ్చు అతకడం అంటారు. పాతదాన్ని తీసి అవతల పెట్టి కొత్తది మొదలుపెట్టడమనే ఊహే అన్నకు లేదు. కంప్యూటర్‌ను కూడా అలాగే నేశాడు.

పోనీ ఆ ఫైలును ఇంకోచోట కూడా దాచుకొమ్మని పోరాను. పెన్‌డ్రైవ్ ఉంది కదా, అందులో ఉంచితే ఏం పోయింది. అన్న నా వైపు జాలిగా చూశాడు.

"ఒక్క చీరను రెండు మగ్గాల మీద నేస్తమా, చెల్లె?"

అనేసి మగ్గం గుంటలోకి దిగిపోయాడు.

ఆ ఫైలు చిట్టచివర అమ్మ అంచు ఉంది. అమ్మ గీయడం ఎరగదు, రాయడం రాదు. మామిడి పిందె కొస వంకర తిరిగి పక్క పిందెను తాకే ఒక అంచు ఆవిడ తలలోనే ఉండేది, నోటి లెక్కగా. మంచానికి అతుక్కుపోయిన ఆఖరి నెలల్లో, అన్న ల్యాప్‌టాప్ తెచ్చి మంచం పక్కన పెట్టుకుని, అమ్మ ఒక్కో వరుస చెబుతుంటే తెర మీద ఒక్కో గడి నింపాడు. కాగితం మీద దించలేదు. ఆ అంచుతో నేసిన చీర మా ఇంట్లో ఒక్కటీ లేదు. మా దగ్గర చీరలు నేస్తారు గానీ ఉంచుకోరు. మగ్గం దిగిన చీర మడతపెట్టిన రోజే గడప దాటేది. అట్టలు కూడా ఇంకా కొట్టించలేదు. అమ్మ పోయాక రెండేళ్ళు అన్న కొత్త బొమ్మ గీయలేదు, ఆ బొమ్మ జోలికీ వెళ్ళలేదు. ఇప్పుడు మనసు కుదిరి, ఒకసారి మొత్తం సరిచూసి అట్టలకిద్దామనుకుంటే, ల్యాప్‌టాప్ ఒక్కో వరుసకు ఆగి ఆగి ఊపిరి తీసుకుంటోంది.

అమ్మ అంచు విషయంలో నాకొక పాత కచ్చ ఉంది, అదీ చెప్పాలి. జాకార్డు లేని రోజుల్లో ఆ పోగులను మనిషే లేపాలి. అంచు పోగులకు కట్టిన తాళ్ళు ఇరవైనాలుగు, మగ్గం పక్కన వేలాడుతుండేవి. అమ్మ గుంటలో కూర్చుని అడ్డపోగు నాడె విసురుతూ, ఒక్కో విసురుకు ఒక వరుస లెక్క చెబుతుంది: మూడు లేపు, రెండు విడువు, ఐదు లేపు. పక్కన కూర్చుని ఆ ప్రకారం తాళ్ళు లాగి పట్టుకోవడం నా పని. బడి నుంచి వచ్చి పలక పక్కన పెట్టగానే అదే పని. ఆదివారమైతే పొద్దంతా. వేళ్ళకు కాయలు కాసేవి. తప్పు తాడు లాగితే అమ్మ ఊరుకునేది కాదు. "ఏడ చూస్తున్నవే?" అనేది. బయట పిల్లలు ఆడుకుంటుంటే నేను ఏడ చూస్తాను మరి. చదువుకుని ఈ తాళ్ళ నుంచి బయట పడతానని ఆ తాళ్ళు పట్టుకునే ఒట్టు పెట్టుకున్నాను, పడ్డాను. నేను హాస్టలుకు వెళ్ళిపోయాక తాళ్ళు లాగే మనిషి లేక అమ్మ ఆ అంచు నేయడం మానేసింది. మానేసిందని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

సరే, ల్యాప్‌టాప్ దగ్గరికొస్తాను. మా ఆఫీసులో కంప్యూటర్లకు పాత హార్డ్ డిస్కులు తీసి ఎస్ఎస్‌డీలు వేశారు. ముసలివనుకున్నవి లేచి పరిగెత్తాయి. అన్నదానికీ అదే చేయిస్తానన్నాను.

"ఉన్నదాన్ని ముట్టకు. నడుస్తనే ఉంది గదా," అన్నాడు.

"ఇది నడుసుడా? పాకుతుంది."

"అండ్ల అమ్మ అంచుంది."

"అమ్మ అంచు ఎటూ పోదు. పాతదాంట్లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి దింపుతరు. అచ్చు అతికినట్టే అనుకో," అన్నాను. అన్న మాటే అన్నకు అప్పజెప్పేసరికి కాదనలేకపోయాడు. రెండు రోజుల్లో తెచ్చిస్తానని సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. వదిన ల్యాప్‌టాప్‌ను పాత చీర ముక్కలో చుట్టి ఇచ్చింది, పసిపిల్లను పంపినట్టు.

వనపర్తిలో నేను నమ్మే రిపేరు కొట్టు ఒకటుంది. నడిపే భాయ్ ఒకప్పుడు రేడియోలు, టేపు రికార్డర్లు బాగు చేసేవాడు. కాలం మారిన కొద్దీ తనూ మారుతూ ల్యాప్‌టాప్‌ల దాకా వచ్చాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, వెనక మరలు విప్పి హార్డ్ డిస్కును చూపించాడు.

"ఇండ్ల పళ్ళెం తిరుగుతది మేడం, సూది చదువుతది. గ్రామఫోను లెక్క. తిరిగి తిరిగి అలిసిపోయింది." తర్వాత ఎస్ఎస్‌డీని నా అరచేతిలో పెట్టాడు. చిన్న పలక ముక్కంత ఉంది, బరువే లేదు. "దీంట్ల తిరిగేది లేదు, అరిగేది లేదు. జర టైమిస్తే పాతదంతా ఇండ్లకు ఎక్కిస్త."

సాయంత్రానికి తీసుకెళ్ళొచ్చన్నాడు. సాయంత్రం వెళితే భాయ్ ముఖం బాగాలేదు. పాత డిస్కును తీగతో బయట తగిలించి పెట్టాడు. అందులోంచి టక్ టక్ అని ఆగి ఆగి చప్పుడు వస్తోంది.

"సగం దాటినంక ఒక్క జాగల అడ్డం పడ్డది. మళ్ళ మళ్ళ చదువబోతుంది, చదువలేకపోతుంది. గెలుకుతే ఉన్నది గూడ పోతది. బంద్ చేసిన."

"ముఖ్యమైన ఫైలుంది భాయ్ అందులో," అన్నాను.

"ఇంకో కాపీ ఉంది గదా?"

ఒక్క చీరను రెండు మగ్గాల మీద నేస్తామా అని భాయ్‌కి ఏం చెప్పను. లేదని తల అడ్డంగా ఊపాను. భాయ్ కసరలేదు. రేపంతా ఆగి ఆగి చదివిస్తానని, చదవగలిగినంత తీసి, చదవలేని చోటును దాటించి ముందుకు పోనిస్తానని చెప్పాడు. "ఎంతొస్తే అంత. దువా చేసుకోండ్రి," అన్నాడు.

మర్నాడు ఆఫీసులో నేను ఒక్క కాగితం కూడా సరిగ్గా చూడలేదు. అన్న ముట్టకన్నాడు, నేను ముట్టాను. నాకు చుక్కలు తిరగడం చూసే ఓపిక లేక, అమ్మ మంచంలో పడి చెప్పుకున్న లెక్కను సంచిలో వేసుకుని వచ్చాను. కనీసం ఆ ఒక్క బొమ్మనన్నా ముందు విడిగా దాచాల్సింది. ఇతరులకు నేర్పే పనే నేను చేయలేదు. నన్ను నేను తిట్టుకోవడంలో కూడా నాకు అమ్మ మాటలే వచ్చాయి.

మధ్యాహ్నం భాయ్ ఫోన్ చేశాడు. ఫైలు వచ్చిందట, తెరుచుకుంటోందట, కానీ నడుమ ఒక నల్ల పట్టీ ఉందట. వెళ్ళి చూశాను. ఎస్ఎస్‌డీ వేసిన ల్యాప్‌టాప్ మీట నొక్కి నేను కూర్చునే లోపలే తెరుచుకుంది. ఆ వేగం చూసి సంతోషించే స్థితిలో లేను. కిందికి జరుపుతూ పోయాను. అన్న గీసిన అంచులన్నీ ఉన్నాయి. చివర మామిడి పిందె మొదలైంది, కొస దాకా వచ్చింది, కొస వంగబోయే చోట ఈ చివర నుంచి ఆ చివరకు కుంపట్లో బొగ్గంత నలుపు. దాని కింద మళ్ళీ పిందె. అన్ని బొమ్మల్లోనూ పోయింది అదొక్కటే, అదొక్కచోటే.

అన్నకు ఫోన్ చేసి చెప్పాను. తిడతాడని నాలుగు జవాబులు సిద్ధం చేసుకున్నాను.

"ఏడ తెగింది?" అన్నాడు అన్న. ఎట్లా తెగిందని కాదు, ఎవరు తెంపారని కాదు. పోగు తెగితే మగ్గం మీద అడిగే మాటే అడిగాడు.

"పిందె కొస వంగే కాడ."

"రేపు పొద్దుగాల వస్త."

మొదటి బస్సుకే వచ్చాడు. భాయ్ అప్పుడే కొట్టు షట్టరు ఎత్తుతున్నాడు. అన్న చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మీట నొక్కి, అలవాటుగా చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. తెర వెలిగి సిద్ధంగా ఉన్నా ఇంకా అలాగే కూర్చున్నాడు.

"అయిపోయిందన్నా, తెరుచుకుంది," అన్నాను.

"అప్పుడే?" అని నమ్మకం లేనట్టు మౌసు మీద చెయ్యి వేశాడు.

నల్ల పట్టీ దగ్గరికి వెళ్ళి, గళ్ళు పెద్దవి చేసి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. "పదకొండు వరుసలు పోయినయి," అన్నాడు. పైన ఉన్నదాన్నిబట్టి కింద ఉన్నదాన్నిబట్టి ఊహించి నింపలేవా అని అడిగాను. నింపొచ్చన్నాడు, కానీ అప్పుడు అది తన అంచు అవుతుందట, అమ్మది కాదట. "గా వంకర అమ్మ ఎట్ల తిప్పిందో నాకు తెల్వదు. చెప్తుంటే గళ్ళు నింపిన, అంతే. తాళ్ళు వట్టుకున్నదానివి నువ్వు."

"నలభై ఏండ్లయింది. నాకేం యాదికుంటది?"

అన్న పట్టీకి పైన మిగిలిన వరుసలను తెర మీద చూస్తూ చదవడం మొదలుపెట్టాడు, మామూలుగా కాదు, అమ్మ చదివినట్టు, చివరి మాట కొంచెం సాగదీస్తూ. మూడు లేపు, రెండు విడువు, ఐదు లేపు. రెండు లేపు, మూడు విడువు, ఆరు లేపు. ఒకటి లేపు, నాలుగు విడువు... ఆ గొంతు కొట్టులో వినిపిస్తుంటే నా కుడి చెయ్యి బల్ల మీద తనంతట తానే వేళ్ళు ముడుస్తోంది, విడుస్తోంది. అన్న అది చూశాడు గానీ ఆపలేదు. పట్టీ దగ్గరికొచ్చి ఆగాడు. నేను ఆగలేదు.

"ఒకటి విడువు, నాలుగు లేపు, మూడు విడువు," అన్నాను.

అన్న గళ్ళు నింపాడు. తర్వాతి వరుస చెప్పాను. దాని తర్వాతిది. ఆలోచిస్తే పోతుందని తెలిసి తెర వైపు చూడకుండా నా వేళ్ళ వైపే చూస్తూ చెప్పుకుంటూ పోయాను. ఏడో వరుస చెప్పి, ఆపకుండానే, "ఏడ చూస్తున్నవే?" అన్నాను.

భాయ్ ఉలిక్కిపడి తలెత్తాడు. "మిమ్మల్ని కాదు భాయ్," అన్నాను సిగ్గుపడుతూ. పిందె కొస వంగేది అక్కడే. లెక్క అటూ ఇటూ తిరగబడేది అక్కడే. ప్రతిసారీ నేను తాళ్ళు చిక్కు వేసుకునేదీ, అమ్మ ఆ మాట అనేదీ అక్కడే. ఆ తిట్టు లేకుండా ఆ లెక్క నాకు రాదు. తర్వాతి మూడూ కూడా చెప్పేశాను. ఆ తర్వాత నా నోట్లోకి వచ్చిన వరుస, పట్టీ కింద తెర మీద మిగిలి ఉన్న వరుస, ఒక్కటే. అన్న వేలుపెట్టి చూపించాడు. అతుకు కలిసింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

అన్న మాత్రం లెక్కపెడుతున్నాడు.

"పదే అయినయి, చెల్లె. పదకొండు ఉండాలె."

మళ్ళీ మొదటి నుంచి చెప్పించాడు. మళ్ళీ పదే. నా లెక్కలో ఎక్కడా సందు లేదు. అన్న కళ్ళు మూసుకుని కాసేపు కూర్చుని, "ఆఁ," అన్నాడు. "ఒకటి ఖాళీ వరుసుండె. ఒక్క పోగు గూడ లేవదు. గాడ అమ్మ, గిది ఉత్తగ పోనీ బిడ్డా, అన్నది. పిందె నడుమ ఖాళీ ఎందుకే అని అడిగిన. నీకెందుకు, పెట్టు, అన్నది. పెట్టిన."

"ఏ వరుస తర్వాత?"

"గదే యాదికొస్తలేదు. అసలు ఎందుకు పెట్టమన్నదో ఇప్పటికి సమజ్ కాలే."

నాకు సమజ్ అయింది. ఏడో వరుస తర్వాత నా లెక్కలో ఉన్నది ఒక్క తిట్టు. మగ్గంలో ఆ తిట్టుకు పట్టే జాగా ఉంది. నేను తల వంచుకుని, కళ్ళనీళ్ళతో, తాళ్ళ చిక్కు తీసుకుంటూ ఉండేదాన్ని. అంతసేపూ అమ్మ నాడె ఆపితే నేత సాగదు. అందుకని ఒక్కసారి అంచులో ఏ పోగూ లేపకుండా ఉత్తగా నాడె విసిరేది, నేను సర్దుకోవడానికి. ఒక పిందెలో ఖాళీ వరుస పడితే అన్ని పిందెల్లోనూ పడాలి, లేకపోతే అంచు సమంగా రాదు. కాబట్టి నేను తప్పు చేసినా చేయకపోయినా, చీర పొడుగునా ప్రతి పిందెలోనూ అమ్మ అక్కడ నా కోసం ఒక వరుస ఆగింది. నాకు నలభై ఏళ్ళుగా తిట్టు ఒక్కటే గుర్తుంది.

ఈ మాట అన్నకు చెప్పాను. అన్న విని, తెర మీద ఏడో వరుస కింద ఒక ఖాళీ వరుసకు చోటు చేశాడు. చేసి, మౌసు మీద నుంచి చెయ్యి తీయకుండా నన్నడిగాడు.

"ఇప్పుడు జాకార్డుకు ఆగే పని లేదు. చిక్కు వడదు. తీసెయ్యాల్నా, ఉంచాల్నా?"

"ఉంచన్నా," అన్నాను.

అన్న ఆ వరుసను ఖాళీగానే వదిలి, కింది వరుసలోకి దిగాడు.